ఏడవకపోతే ఒక చుక్క

పంతులమ్మగా మొదటి ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై ఒక్కేళ్ళు. మాది గుడివాడ. నాన్న ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. ఆయన పుట్టింది మొవ్వ పక్కన ఒక పల్లెలో. నాలుగు అక్షరాలు రావడానికి నలభై దెబ్బలు తిన్న తరం. నేనూ ఏమంత తక్కువ తినలేదు. రెండో తరగతిలో ‘క్ష’ సరిగ్గా రాయలేదని మా మాస్టారు చేతి కణుపుల మీద స్కేలు నిలువునా పెట్టి కొట్టాడు. ఇప్పటికీ ఆ అక్షరం దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది.

దెబ్బలు లేని చదువు నేను చూసింది ఒక్క సండే స్కూల్లోనే. అక్కడ వాక్యం తప్పులేకుండా అప్పజెబితే వేలెడు పొడుగు రంగుల బొమ్మ ఇచ్చేవారు. గొర్రెపిల్ల, పడవ, ఖర్జూరం చెట్టు. ఆ బొమ్మల కోసం నేను కీర్తనలు కీర్తనలే మింగేశాను. వాటి అర్థం నాకు అప్పట్లో ముక్క తెలీదు. బొమ్మ మాత్రం దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని.

బందరులో ట్రైనింగప్పుడు మాకు పాఠం చెప్పే మేడమ్ గారు ఒకరోజు అన్నారు: “బెత్తం భయం నేర్పుతుంది. బహుమతి ఇష్టం నేర్పుతుంది. బహుమతికి ఖరీదుండక్కర్లేదు, పిల్లవాడి కంటికి మెరిస్తే చాలు.” ఆ మాట నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. నా బొమ్మలు గుర్తొచ్చాయి. నేను బడికి వెళ్తే ఎలాంటి పంతులమ్మనవ్వాలో ఆ రోజే తేలిపోయిందనుకున్నాను.

ఉద్యోగం దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో వచ్చింది. రెండు గదుల పెంకుటిల్లు బడి. నాలుగు, ఐదు తరగతులు హెడ్మాస్టారు గారివి. ఒకటి నుంచి మూడు దాకా నావి. పిల్లలు కూలీల పిల్లలు, వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లలు. హెడ్మాస్టారు రిటైరుమెంటుకి దగ్గర పడిన మనిషి. చేతిలో బెత్తం లేకపోతే ఆయనకి నడకే సాగేది కాదు. నా గదిలో బెత్తం లేకపోవడం చూసి మొదటి రోజే అన్నాడు, “ఏమ్మా, వట్టి చేతులతో వచ్చావు? వీళ్ళు నిన్ను మింగేస్తారు.”

“చూద్దామండీ మాస్టారూ,” అన్నాను.

అవనిగడ్డ బస్టాండులో కిళ్ళీ బడ్డీ ఆయన దగ్గర ఖాళీ సిగరెట్ పెట్టెలు అడిగి తెచ్చుకునేదాన్ని. లోపలి వెండి కాగితాన్ని గోటితో సాపు చేసి, చుక్కల్లాగా కత్తిరించేదాన్ని. గుడివాడలో చుట్టాల ఇళ్ళ నుంచి పాత శుభలేఖలు పోగుచేసి, వాటి వెనక తెల్లవైపున ఒక్కో పిల్ల పేరు రాశాను. వేళకొస్తే ఒక చుక్క. తల దువ్వుకొస్తే ఒక చుక్క. ఎక్కం అప్పజెబితే ఒకటి. బొద్దింకలు తినకుండా మైదా ఉడికించి అందులో కాస్త మైలుతుత్తం కలిపి అతికించేదాన్ని. పది చుక్కలొస్తే ఒక రోజంతా గంట కొట్టే పని ఆ పిల్లదే. లేదా ఒక రంగు సుద్ద. లేదా అగ్గిపెట్టె మీది బొమ్మ.

నెల తిరిగేసరికి పిల్లలు నాకంటే ముందు బడికొచ్చి కూర్చున్నారు. జుట్లకి ఆముదం, కళ్ళకి కాటుక. పక్కవాణ్ణి కొరికే అలవాటున్న ఒక పిల్లాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చుక్క కోసం తనతో తనే పోరాడటం చూసి నాకు నవ్వాగలేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు అట్టలు చూసి మెచ్చుకుని, “కొత్త రక్తం అంటే ఇదీ,” అని హెడ్మాస్టారి వైపు చూశాడు. ఆయన బెత్తం వెనక్కి దాచుకున్నాడు. నాకు గర్వం వేసింది. ఎందుకు దాచాలి, వేసింది.

ఆ పిల్ల గురించి చెప్పాలి. మూడో తరగతి. ఎనిమిదేళ్ళుంటాయి. బక్కపల్చగా, పెద్ద కళ్ళతో ఉండేది. వాళ్ళ అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఏడాది చెల్లెలు, మామ్మ. చుక్కలంటే అంతగా పట్టింపు లేని పిల్లల్లో ఆమె ఒకతి. చెల్లెల్ని చంకనేసుకుని ఆలస్యంగా వచ్చేది, గుమ్మం దగ్గరే కూర్చునేది, గలగలా మాట్లాడేది. అట్ట మీద ఎప్పుడూ మూడో నాలుగో చుక్కలు. “నీకు గంట కొట్టాలని లేదుటే?” అని అడిగితే, “మా చెల్లి జడుసుకుంటదండి,” అంది.

రెండో ఏడు, దీపావళి వెళ్ళిన వారానికి, మా ఇంట్లో ఒక నిశ్చితార్థం ఉందని శనివారానికి సెలవు పెట్టి శుక్రవారమే గుడివాడ వెళ్ళాను. ఆ శనివారమే ఉప్పెన వచ్చింది.

ఆ వారం సంగతి నేను చూడలేదు కాబట్టి చెప్పను. చూసినవాళ్ళు చెప్పలేకపోయారు. గుడివాడలో మా ఇంటి కొబ్బరిచెట్టు పడి గోడ కూలితే అదే పెద్ద కష్టమనుకున్నాం మేము. దారులు తెరిచాక నేను ఊరికి వెళ్ళేసరికి ఊరున్న చోట బురద, గడ్డివాముల ముక్కలు, విప్పలేనంతగా చుట్టుకుపోయిన వలలు కనిపించాయి. బడికి గోడలు నిలిచాయి, పెంకులు లేవు. హెడ్మాస్టారు బతికాడు. ఆయన భార్య బతకలేదు. నన్ను చూసి, “నువ్వు ఊళ్ళో లేవు, మంచిపని చేశావు,” అని మాత్రం అన్నాడు.

కొన్నాళ్ళకి పైన టార్పాలిన్ కట్టి బడి తెరిచాం. మొదటి రోజు అలవాటు చొప్పున హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచాను. ఒక పేరుకి జవాబు రాలేదు. తరవాతి పేరుకీ రాలేదు. నాలుగో పేరు దగ్గర వెనకనుంచి ఎవరో, “ఆడు లేడండి,” అన్నారు. పట్టీ మూసేశాను. సాయంత్రం హెడ్మాస్టారు ఎర్రసిరా కలంతో ఒక్కో పేరు మీదా గీత గీస్తూ కూర్చున్నాడు. నేను చదవడం, ఆయన గీయడం. ఆ పిల్ల పేరు మీద గీత పడలేదు. ఆమే, మామ్మా తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నారట. అమ్మా, చెల్లెలూ దొరకలేదు. తండ్రి మొవ్వ వైపు కోతలకు వెళ్ళి ఉండటం వల్ల మిగిలాడు.

పాఠం ఎవరికి కావాలి? అయినా మొదలుపెట్టాను. ‘అమ్మ’ అని బోర్డు మీద రాయకుండా జాగ్రత్తపడితే, ‘ఆవు’ దగ్గర ఒకడు ఏడ్చాడు. వాళ్ళ ఆవు కొట్టుకుపోయింది. ఒకరు మొదలెడితే గది మొత్తం అందుకునేది. గాలి కాస్త గట్టిగా వీచి టార్పాలిన్ టపటపలాడితే చాలు, పిల్లలంతా బల్లల కిందికి దూరేవారు. రోజూ ఇంతే. అవనిగడ్డలో తీసుకున్న అద్దెగదికి వెళ్ళాక కూడా నా చెవుల్లో అదే ఏడుపు. నేను భరించలేకపోయాను. సూటిగా చెప్పాలంటే అదే నిజం. వాళ్ళ కోసం కాదు, నేను భరించలేకపోయాను.

ఒకరోజు పొద్దున బోర్డు ముందు నిలబడి అన్నాను: “ఇవాళ సాయంత్రం దాకా ఏడవకుండా కూర్చున్నవాళ్ళకి ఒక చుక్క.”

పనిచేసింది. మొదటి రోజు కొందరు, వారం తిరిగేసరికి అందరూ. పెదవులు బిగబట్టి, పిడికిళ్ళు తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. గది నిశ్శబ్దంగా ఉండేది. నేను ఆ నిశ్శబ్దాన్ని చూసి కోలుకుంటున్నారనుకున్నాను.

అప్పుడే బడికి సాయం మూటలు వచ్చాయి. దుప్పట్లు, గౌన్లు, లాగూలు, బిస్కెట్ పొట్లాలు. ఎక్కడెక్కడినుంచో మనసున్నవాళ్ళు పంపినవి. హెడ్మాస్టారు మూటల తాళ్ళు కోయబోయాడు.

“పిల్లలకని పంపారు కదమ్మా. పిలిచి పంచేద్దాం.”

“వద్దండీ మాస్టారూ,” అన్నాను నేను. “ఒక్కరోజే పంచేస్తే రేపటినుంచి బడికి ఎవరొస్తారు? కొత్త అట్టలు పెట్టి, రోజుకొక్క చుక్క చొప్పున పది తెచ్చుకున్నవాళ్ళకి ఒకటి ఇద్దాం. హాజరు పెరుగుతుంది. పైనుంచి హాజరు గురించే కదా అడుగుతున్నారు.”

ఆయన కత్తి చేత్తో పట్టుకునే నా వైపు తిరిగాడు. “చలికాలమమ్మా,” అన్నాడు.

“అందుకేనండీ, తొందరగా తెచ్చుకుంటారు.”

ఈ మాట అన్నది నేనే. మరెవరో అన్నట్టు చెప్పాలని చాలాసార్లు అనిపించింది. ఆ ఏడు ఆయనకి దేనిమీదా వాదించే ఓపిక లేదు. మూటలు బీరువాలో పెట్టి తాళం నాకిచ్చాడు.

హాజరు పెరిగింది. బీరువా వైపు చూస్తూ పిల్లలు రోజూ వచ్చారు. జ్వరంతో వచ్చారు, బురదకాళ్ళతో వచ్చారు. ఆ పిల్ల కూడా ఇప్పుడు అందరికంటే ముందు వచ్చేది. చంకలో చెల్లెలు లేదుగా, ఆలస్యమెందుకవుతుంది? గుమ్మం దగ్గర కాక ముందు బల్లలో కూర్చునేది. మాట లేదు. అడిగితే జవాబు, లేకపోతే లేదు. మిగతా పిల్లలు అప్పుడప్పుడూ ఓడిపోయేవారు, ఆ పిల్ల ఒక్కరోజు కూడా ఓడిపోలేదు. “చూడండర్రా, తనని చూసి నేర్చుకోండి,” అని నేను అందరి ముందూ అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంటర్‌వెల్లో అందరూ బయటికి వెళ్ళాక ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో తన అట్ట ఉంది. తొమ్మిది చుక్కలు.

“టీచరు గారండీ, ఒకసారి ఏడిస్తే ఎన్ని చుక్కలు పోతాయండి?”

“ఎందుకూ?”

“ఊరికేనండి.” అట్ట అంచు గోటితో గీకుతూ నిలబడింది. మళ్ళీ, “పది చుక్కలయ్యాక, దుప్పటి తీసుకున్నాక ఏడిస్తే, దుప్పటి వెనక్కి తీసేసుకుంటారాండీ?”

“దుప్పటి ఎవరికి?” అని అడిగాను.

“మా మామ్మకండి. చెట్టు మీద నీళ్ళల్లో నానిపోయింది కదండి. అప్పటినుంచీ దగ్గుద్దండి.”

బీరువా తాళం నా కొంగుకే ముడేసి ఉంది. నాలుగడుగులు వేస్తే బీరువా. నేను లేవలేదు. ఎందుకంటే మర్నాడు పట్నం నుంచి పెద్దలు వస్తున్నారని, పిల్లల చేతికి బహుమతులిస్తూ ఫోటోలు తీసుకుంటారని కబురొచ్చింది. అందరికంటే ముందు ఈ పిల్లని పిలవాలని నేను అప్పటికే అనుకుని ఉన్నాను. తల నిమిరి అన్నాను:

“ఏమీ పోవమ్మా. రేపు పదో చుక్క పెడతాను, దుప్పటి అందరి ముందూ ఇప్పిస్తాను. ఇంకొక్కరోజు ఓర్చుకో. నువ్వు మంచిపిల్లవి కదూ?”

“అలాగేనండి,” అని వెళ్ళిపోయింది.

మర్నాడు జీపులు వచ్చాయి. తెల్లబట్టల పెద్దమనుషులు, మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన. పిల్లలు నేను చెప్పినట్టే చేతులు కట్టుకుని కూర్చున్నారు. గదిలో కిక్కురుమనే చప్పుడు లేదు. “ఇంత కష్టంలో ఇంత క్రమశిక్షణా!” అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. నేను చుక్కల అట్టలు చూపించి పద్ధతి వివరించాను. ఆ పిల్లని పిలిచాను. ఆ పెద్దాయన దుప్పటి రెండు చేతుల్లో పెడుతూ, కెమెరా వైపు తిరిగి, ప్రేమగానే అడిగాడు:

“మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?”

“మా మామ్మండి. మా నాన్నండి.”

“మరి అమ్మ?”

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి గానీ కిందికి రాలేదు. కింది పెదవిని పళ్ళ మధ్య నొక్కిపట్టి, నేను ఏమంటానోనని నన్నే చూస్తూ నిలబడింది. నేనేం చేశానో చెబుతాను. మెచ్చుకోలుగా తలూపాను.

“ధైర్యమున్న పిల్ల!” అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. పెదవి మీద చిన్న రక్తపు బొట్టు ఉంది. అది ఆ తెలుపు నలుపు ఫోటోలో కనబడి ఉండదు.

జీపుల దుమ్ము అణగకముందే హెడ్మాస్టారు నా గదిలోకి వచ్చాడు. ఆ రోజు ఆయన చేతిలో బెత్తం లేదు. “తాళం ఇవ్వమ్మా,” అన్నాడు. ఇచ్చాను. బీరువా తెరిచి మూటలన్నీ కిందికి లాగి, చుక్కలు అడక్కుండా, పేరు అడక్కుండా, చేతికందిన పిల్లకల్లా ఒకటి ఇచ్చి ఇంటికి పంపేశాడు. బిస్కెట్లు కూడా మిగల్లేదు. అందరూ వెళ్ళాక వచ్చి నా ఎదుట బల్ల మీద కూర్చున్నాడు.

“ముప్పై ఏళ్ళనుంచీ కొడుతున్నానమ్మా. ఎంతమందిని కొట్టానో నాకే తెలీదు. ఆ పాపం నాది. కానీ కొట్టాక వాళ్ళని ఏడవనిచ్చాను.”

నేను ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు. కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పిల్లలందర్నీ కూర్చోబెట్టి, “ఇకనుంచి ఏడుపొస్తే ఏడవండి, ఎవరికీ ఏమీ పోదు,” అన్నాను. వాళ్ళు నన్ను అనుమానంగా చూశారు. ఇదీ ఒక పరీక్షేమో, దీనికీ చుక్కలుంటాయేమో అని. కొన్నాళ్ళకి చిన్నవాళ్ళు కరిగారు. ఆ పిల్ల మాత్రం అలాగే ఉంది. ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని, “చెల్లెలు గుర్తొస్తోందా?” అని అడిగితే, “లేదండి,” అని వెంటనే ఎక్కం అప్పజెప్పడం మొదలుపెట్టింది. వేసవి సెలవులయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని, పిల్లని మేనత్త తీసుకెళ్ళిందని ఎవరో చెప్పారు.

ఆ ఏడే నాకు బందరులో ఒక సభలో ప్రశంసాపత్రం ఇచ్చారు. విపత్తులో హాజరు పెంచినందుకు. అంచుకి బంగారు రంగు గీత ఉన్న దళసరి కాగితం. వద్దనాలనుకునే వెళ్ళాను. పేరు పిలవగానే లేచి వెళ్ళి రెండు చేతులా అందుకుని నమస్కారం పెట్టాను. దాన్ని చూపించే బందరుకి బదిలీ కూడా తెచ్చుకున్నాను. హెడ్మాస్టారు నాతో ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. వీడ్కోలు రోజున మాత్రం, “ఇంకా చిన్నదానివి. నేర్చుకుంటావులే,” అన్నాడు. అది క్షమించడమో కాదో నాకు తెలీదు.

మరుసటి ఏడాది బందరు బస్టాండులో ఒక ముసలమ్మ నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల మామ్మ. మోపిదేవిలో పుట్టలో పాలుపోసి వస్తున్నానంది.

“మనవరాలెక్కడుంది మామ్మా?”

“గిలకలదిండిలో అమ్మా, మా అమ్మాయి దగ్గర. రొయ్యలు ఒలిచే పనికెళ్తంది. మంచి పనిమంతురాలు. మా అమ్మాయిది కాస్త చేతిదురుసు, ఒక దెబ్బేసుద్ది. అయినా ఏడవదమ్మా! ముల్లు గుచ్చుకున్నా ఏడవదు, అత్త కొట్టినా ఏడవదు. మీ దగ్గర చదువుకున్న పిల్ల కదా, మీరే నేర్పారంట. నాతో చెప్పింది.” ముసలమ్మ నా చెయ్యి కళ్ళకద్దుకుంది.

ఆదివారం చర్చికి వెళ్ళకుండా గిలకలదిండి రేవుకి వెళ్ళాను. చేపల వేలంపాట అయిపోయి, ఐసు కరిగిన నీళ్ళు కాళ్ళ కింద పారుతున్నాయి. ఒక పాక కింద ఆడవాళ్ళ వరసలో ఆ పిల్ల కూర్చుని ఉంది. పొడుగైంది. వేళ్ళు తెల్లగా నానిపోయి, గోళ్ళ పక్కన చీరుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

“బాగున్నారాండీ?”

“నువ్వెలా ఉన్నావమ్మా?”

“బాగున్నానండి.”

బడికొస్తావా అని అడిగాను. మా ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చన్నాను. ఆ పిల్ల వాళ్ళ అత్త వైపు చూసింది. ఆవిడ తల ఎత్తకుండానే, “చదివి ఏం చెయ్యాలండి ఇప్పుడు? చేతికి పనొచ్చింది, తింటంది,” అంది. నేను వాదించాను. ఆవిడ గొంతు పెంచింది. పక్కవాళ్ళు చూశారు. నీ కోసమే వచ్చానే అని ఆ పిల్ల భుజం పట్టుకున్నాను. ఎప్పుడో అడగవలసినది అప్పుడడిగాను.

“నా మీద కోపంగా ఉందా?”

“ఎందుకండీ?” అంది. నిజంగానే అర్థం కాలేదు ఆమెకి. “మీరు మంచోరు కదండి.”

తరవాత రెండుసార్లు వెళ్ళాను, గౌను గుడ్డా, పుస్తకాలూ పట్టుకుని. రెండోసారి వాళ్ళ పాక ఖాళీగా ఉంది. కాకినాడ వైపు పనికెళ్ళారని ఒకరు, కాదు నెల్లూరు వైపని ఇంకొకరు చెప్పారు. మామ్మ కోసం దివిసీమకి మనిషిని పంపితే, ఆవిడ వర్షాకాలంలోనే పోయిందని కబురొచ్చింది. పుస్తకాలు మా బడిలోనే వేరే పిల్లకి ఇచ్చాను. గుడ్డ చాలాకాలం పెట్టెలో ఉండి, తరవాత ఎప్పుడో ఎలకలు కొట్టేశాయి.